పొడపత్రి చూర్ణం వాడితే షుగర్ మాత్రలు మానేయొచ్చా? మా ఇంట్లో జరిగింది చెబుతాను

మీ అమ్మగారికి పరగడుపున 180 వస్తోందని, బంధువులెవరో పొడపత్రి చూర్ణం తెచ్చిచ్చి ఇక మాత్రలు ఆపేయొచ్చన్నారని రాశారు కదా. దయచేసి మాత్రలు మాత్రం ఆపకండి.

మాది విజయవాడ, పటమట. మా నాన్నగారు పదేళ్లుగా గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటున్నారు. రెండేళ్ల కిందట రైతు బజారులో పరిచయమైన ఒకాయన మాట విని పొడపత్రి, నేరేడు గింజల పొడి కలిపి పూటకో చెంచా మొదలుపెట్టారు, మాకెవరికీ చెప్పలేదు. పది రోజుల్లో షుగర్ బాగా దిగింది, ఆయన ఆనందం అంతా ఇంతా కాదు. తర్వాత ఒకరోజు తెల్లవారుజామున అమ్మ కేకేస్తే పరుగెత్తాను. బనీను నీళ్లలో ముంచి తీసినట్టు తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, నన్ను చూసి తమ్ముడి పేరు పెట్టి పిలుస్తున్నారు. మిషన్‌లో చూస్తే 52! 70 కంటే తగ్గితేనే ప్రమాదం. మింగగలుగుతున్నారు కాబట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాం, పావుగంటకి 84కి వచ్చింది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, నేరుగా ఆసుపత్రికే.

డాక్టరు గారు చెప్పింది ఒక్కటే: గ్లిమిపిరైడ్ ఒక్కటే షుగర్‌ని మరీ కిందికి దించగలదు, దానికి తోడు ఇంకో రెండు చేరాయి. ఆ మొక్కలకి గుణం లేదని ఆయన అనలేదు. అసలు మెట్‌ఫార్మిన్ కూడా గలీగా అనే మొక్కలోని పదార్థం నుంచే పుట్టింది, కాకపోతే దానికి మోతాదు ఎంతో తెలుసు, మన చెంచాకి తెలియదు. పొడపత్రి ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది, చాలామంది అది చూసే నమ్మేస్తారు, కానీ అది నాలుక మీద పని, రక్తంలో ఎంత తగ్గిందో దాంతో తెలియదు.

నాన్నగారు ఇప్పటికీ రాత్రి నానబెట్టిన మెంతులు ఒక చెంచా తింటారు, డాక్టరుకి చెప్పే. మెంతుల్లో ఉండే జిగురు పీచు వల్ల తిన్న అన్నంలోని చక్కెర నిదానంగా రక్తంలోకి వెళ్తుంది. కాకరకాయ కూరగా వండుకోండి, గ్లాసుల కొద్దీ రసం వద్దు. తిప్పతీగ కూడా ఇష్టమొచ్చినట్టు వాడకండి, అది వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసుల గురించి 2021లో ముంబై డాక్టర్లు రాశారు.

నాకు అన్నిటికంటే భయం లేబుల్ లేని పొట్లాలంటేనే. అలాంటి కొన్ని పొడుల్లో ఇంగ్లీషు షుగర్ మందులే కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది, కొన్నిట్లో సీసం లాంటివి కూడా దొరికాయి. మీకిచ్చిన దాని మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు ఉన్నాయా? ఆ డబ్బా, అమ్మగారి మాత్రల చీటీ రెండూ పట్టుకుని ఈ వారమే డాక్టర్ని కలవండి. మూడు నెలల సగటు షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది) పరీక్షలు ఈమధ్య చేయించకపోతే అప్పుడే చేయించండి. ఆవిడ ఏ మాత్ర వాడుతున్నారో ఇక్కడ రాస్తే, తెల్లవారుజామున మేం ఎలా చెక్ చేసుకున్నామో వివరంగా చెబుతాను.