బోటుకి చెకింగ్ వస్తోందంటే...

ప్రశ్న: మాది తాళ్ళరేవు దగ్గర. 19 మీటర్ల వర్క్‌బోటు ఒకటి ఉంది, కాకినాడ యాంకరేజీలో, అంటే ఓడలు లంగరేసి ఆగే చోట, స్టీమర్ల దగ్గరికి మనుషుల్నీ సామాన్నీ చేరవేస్తుంటాం. ఇప్పుడు సముద్రంలో గ్యాస్ పనులు చేసే కాంట్రాక్టరు ఒకాయన బోటు అద్దెకి కావాలంటున్నాడు గానీ, ముందు 'ఎంఐఎస్‌డబ్ల్యూ' ఇన్‌స్పెక్షన్ చేయించమంటున్నాడు. ప్రభుత్వ సర్టిఫికెట్లన్నీ ఉన్నాక మళ్ళీ ఇదేంటండీ? ఫెయిలైతే బోటు ఆపేస్తారా?
– ఒక బోటు యజమాని

జవాబు: ముందు టెన్షన్ పక్కన పెట్టండి, ఇందులో పాస్, ఫెయిల్ అని ఉండవు. సర్వే చేసిన రోజున బోటు చట్టప్రకారం ఉందని ప్రభుత్వ సర్టిఫికెట్ చెబుతుంది. అద్దెకి తీసుకునేవాడికి అది చాలదు. ఆ బోటుని ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు, ఎలా నడుపుతున్నారు, పాడైంది బాగుచేయిస్తున్నారా లేదా అన్నది తెలియాలి, ఎందుకంటే రేపు ఆ బోటెక్కేది అతని మనుషులు. ఒక్కో కంపెనీ తన మనిషిని పంపి తన ప్రశ్నలు తాను అడుగుతుంటే ఒకే బోటుకి ఏడాది పొడుగునా చెకింగులే సరిపోతాయి కాబట్టి, ఇంటర్నేషనల్ మెరైన్ కాంట్రాక్టర్స్ అసోసియేషన్ అందరికీ పనికొచ్చేలా ఒకే ప్రశ్నావళి తయారుచేసింది. పెద్ద ఓడలకి వాడేది ఈ-సీఎంఐడీ, 500 గ్రాస్ టన్నేజీ (ఓడ లోపలి మొత్తం చోటుని బట్టి కట్టే లెక్క) లోపు, 25 మీటర్ల లోపు బోట్లకి వాడేది ఎంఐఎస్‌డబ్ల్యూ, అంటే చిన్న వర్క్‌బోట్ల తనిఖీ. చమురు కంపెనీల సంఘం 2010లో మొదలుపెట్టిన ఓవిడ్ అని ఇంకో తనిఖీ పద్ధతి ఉంది. మీ కాంట్రాక్టరుకి ఏది కావాలో కాగితం మీద రాయించుకుని అప్పుడే డబ్బు కట్టండి, ఒకటి బదులు ఇంకోటి చేయించి మళ్ళీ కట్టుకోవద్దు. వచ్చే ఇన్‌స్పెక్టరుకి ఆ తనిఖీ చెయ్యడానికి గుర్తింపు ఉందో లేదో కూడా చూసుకోండి.

ఆయన లోపాలు రాస్తాడు, రాయకుండా ఎవరూ వెళ్ళరు. ఒక్కోదానికీ ఏం చేశారో, ఏ తేదీకి చేశారో, ఫోటోతో సహా మీరు జవాబు పెట్టుకోవచ్చు. అదంతా చదివి అద్దెకి తీసుకోవాలా వద్దా అన్నది కాంట్రాక్టరు తేల్చుకుంటాడు. అంటే ఫెయిల్ అనే మాట లేకపోయినా బేరం పోవచ్చు, అది దాచను.

మీరు మాత్రం ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఆగకుండా రేపు పొద్దున్నే ఒక పని చెయ్యండి. బోటు మీద లైఫ్ రాఫ్ట్ (బోటు మునిగితే ఎక్కే, గాలితో ఉబ్బే తెప్ప) ఉంటే, ఆ తెల్ల డబ్బాని పట్టి ఉంచే బెల్టు దగ్గర అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ పరికరం ఉంటుంది, హైడ్రోస్టాటిక్ రిలీజ్ అంటారు. బోటు మునిగితే 4 మీటర్ల లోతు దాటకముందే నీటి ఒత్తిడికి అది తెగి రాఫ్ట్‌ని వదిలేస్తుంది. వాడి పారేసే రకమైతే బిగించిన రోజు నుంచి రెండేళ్ళే పనిచేస్తుంది, గడువు నెల, సంవత్సరం దాని మీదే గుర్తుపెట్టి ఉండాలి. ఉప్పుగాలికి గుర్తు చెరిగిపోయి ఉంటే కొత్తది వెయ్యండి. తర్వాత రాఫ్ట్ తాడు ఎక్కడ కట్టారో చూడండి. అది ఆ పరికరానికి ఉన్న, మునిగే బోటు లాగితే తెగిపోయే బలహీనమైన లింకు ద్వారానే బోటుకి అంటుకుని ఉండాలి. గట్టిగా ఉంటుందని ఎవరో మంచి ఉద్దేశంతోనే నేరుగా రైలింగుకి ముడేస్తారు, బోటు కిందికి పోతుంటే ఆ ముడి రాఫ్ట్‌ని కూడా తనతో లాక్కుపోతుంది. బోటు మీదున్న అందరి ప్రాణాలు ఆ ముడి దగ్గర ఉంటాయండి.

ప్రశ్న: మా అబ్బాయి బోటు మీద డెక్ పని చేస్తాడు. ఇన్‌స్పెక్షన్ అనగానే, చెయ్యని డ్రిల్లులకి (ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో ముందుగా చేసే సాధన) వెనక తేదీలు వేసి సంతకాలు పెట్టమంటున్నారట. కాదంటే పని పోతుందేమో అని నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, కాట్రేనికోన

జవాబు: అమ్మా, సంతకం పెట్టొద్దని చెప్పండి, అయితే ఎదురు తిరగమనీ చెప్పొద్దు. "సారంగు గారూ, ఈ సాయంత్రం డ్రిల్లు నిజంగానే చేసేద్దాం, ఇవాళ్టి తేదీ వేసి పెడతాను" అని బోటు నడిపే సారంగుని అడగమనండి. డ్రిల్లు కుదరలేదని ఒప్పుకుంటే అది ఒక లోపంగా రాస్తారు, సరిదిద్దుకుంటే పోతుంది. దొంగ రికార్డు దొరికితే మాత్రం ఆ బోటు చూపించే ఏ కాగితాన్నీ ఇక నమ్మరు. దొరక్కుండా ఉండటం కూడా కష్టమే, ఎందుకంటే ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసేసి మీ అబ్బాయినే అడుగుతాడు: ఆ రోజు నీ పనేంటి, ఫైర్ పంపు స్టార్ట్ చేసి చూపించు, లైఫ్ జాకెట్ వేసుకో. చేతులకి అలవాటు లేకపోతే అక్కడే తెలిసిపోతుంది.

సారంగు వినకపోతే ఒడ్డున ఆఫీసులో సేఫ్టీ చూసే మనిషి ఉంటారు, వాళ్ళకి చెప్పుకోవచ్చు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, 2021 మేలో తౌక్టే తుఫానుకి ముంబై తీరానికి అవతల సముద్రంలో పి-305 బార్జి మునిగిపోయింది, పదుల మంది చనిపోయారు. బతికినవాళ్ళలో ఎంతోమంది లైఫ్ జాకెట్లతో గంటల తరబడి ఆ అలల్లో తేలుతూ నేవీ వాళ్ళ కోసం ఎదురుచూశారు. మన తీరానికి తుఫాన్లు కొత్త కాదు. మీ వాడి చేతులకి ఆ అలవాటు రావాలి, సంతకాలతో అది రాదు.

ప్రశ్న: ముందువైపు ట్యాంకులో తుప్పు గీకాలి. నడుముకి తాడు కట్టుకుని, ముఖానికి మాస్కు పెట్టుకుని దిగితే చాలదా?
– ఒక లస్కరు, యానాం

జవాబు: చాలదు తమ్ముడూ. మూసి ఉన్న ట్యాంకులో తుప్పు పట్టేటప్పుడు ఆ ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది. బయట 20.9 శాతం ఉండేది లోపల బాగా పడిపోయి ఉండొచ్చు, అయినా వాసన రాదు, కంటికి కనపడదు, రెండు మూడు ఊపిరులకే మనిషి కూలబడిపోవచ్చు. దుమ్ము మాస్కు ఆక్సిజన్ ఇవ్వదు. పడిపోయినవాణ్ణి తేవడానికి వెనకాలే దూకినవాళ్ళూ పోతుంటారు, పాత నూతుల్లో జరిగేదీ ఇదే. మూత తెరిచి, బ్లోయర్‌తో గాలి బాగా కొట్టించి, ఆక్సిజన్ కొలిచే మీటరు పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా 20.9 చూపించాక, ట్యాంకులోకి దిగే పర్మిట్ మీద సంతకమయ్యాక, మూత దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడి ఉంటేనే దిగు. బోటు మీద మీటరు లేకపోతే ఆ ట్యాంకులోకి దిగొద్దు, ఎవరు చెప్పినా సరే.