కూర్చోబెడితే కూర్చునే పాప పాకకపోతే: వాకర్ కొనే ముందు గమనించవలసినవి

పాపకు ఎనిమిదో నెల నిండిందనీ, కూర్చోబెడితే నిలకడగా కూర్చుంటుందనీ, బోర్లా పడుకోబెడితే మాత్రం కాసేపటికే ఏడుస్తుందనీ, ఇంకా పాకడం లేదు కాబట్టి వాకర్ కొనమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారనీ మీరు రాశారు. మాది ప్రొద్దుటూరు. నా రెండో బిడ్డ విషయంలో దాదాపు ఇదే పరిస్థితి ఎదురైంది. అప్పుడు పిల్లల వైద్యురాలు, ఫిజియోథెరపిస్టు విడమరచి చెప్పిన సంగతులనూ, వాడితో పాటు నేల మీద కూర్చుని నేను గమనించిన వాటినీ ఇక్కడ వివరిస్తాను. వాకర్ మాత్రం కొనవద్దని ముందుగానే చెబుతున్నాను.

మొదట వయసు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం సహా ఐదు దేశాల పిల్లలను పరిశీలించి 2006లో ప్రకటించిన వివరాల ప్రకారం, చేతులూ మోకాళ్లూ ఆనించి పాకడం 5.2 నెలల నుంచి 13.5 నెలల మధ్య ఎప్పుడైనా మొదలు కావచ్చు. ఆ పిల్లల్లో సుమారు 4 శాతం మంది ఆ పద్ధతిలో అసలు పాకకుండానే నిలబడి నడిచారు. కనుక ఎనిమిది నెలలకు పాకకపోవడం ఒక్కటే దిగులు పడవలసిన విషయం కాదు. అలాగని వేళ వస్తే అదే పాకుతుందిలే అని ఊరుకోవడం కూడా నాకు సమ్మతం కాదు. ముందరి నెలల్లో విడివిడిగా అబ్బిన పనులన్నీ ఒకచోట కలిస్తేనే బిడ్డ పాకగలుగుతుంది. వాటిలో ఏది ఇంకా రాలేదో కనిపెడితే, మనం చేయవలసిన సాయం ఏమిటో కూడా తెలుస్తుంది. మన ఇళ్లలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచే ఆచారం నాకు ఈ కారణంగానే ఎంతో ఇష్టం; అది బిడ్డకు ఎన్నో నెల అని అడగదు, ఏం నేర్చుకుందో చూస్తుంది.

బలం మెడ నుంచి కిందికి దిగుతుంది. బోర్లా ఉన్న బిడ్డ రెండో నెలలో తల ఎత్తుతుంది, నాలుగో నెలకు మోచేతుల మీద ఆనుకుని ఛాతీ లేపుతుంది, ఆరో నెలకు మోచేతులు వంచకుండా అరచేతుల మీద పైకి లేస్తుంది. పుట్టినప్పుడు అరచేతికి ఏది తగిలినా గుప్పిట మూసుకునే సహజ ప్రతిచర్య ఐదారు నెలలకు తగ్గిపోవడం కూడా ఇందుకు అవసరమే, ఎందుకంటే గుప్పిట విప్పిన చెయ్యే భుజాల బరువును చక్కగా మోయగలదు.

అసలు కష్టం దీని తర్వాత మొదలవుతుంది. రెండు చేతుల మీద లేచిన బిడ్డ ముందుకు కదలాలంటే, బరువంతా ఒక పక్కకు మార్చుకుని రెండో చేతిని విడిపించుకోవాలి. మా వాడికి రానిది సరిగ్గా ఇదే. బోర్లా వేసి ఎదురుగా బొమ్మ పెడితే రెండు చేతులూ నేలకు ఆనించి, దేనిని ఎత్తాలో తెలియక ఏడ్చేవాడు. బొమ్మను ఎదురుగా కాక పక్కన, చేతికి కొద్దిగా అందనంత దూరంలో పెట్టమని ఫిజియోథెరపిస్టు చెప్పారు. అప్పుడు వాడు ఒక చేతి మీద ఒరిగి రెండో చెయ్యి చాచడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు పొట్ట మీదే గడియారం ముల్లులాగా చుట్టూ తిరగడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత మోకాళ్లు పొట్ట కిందికి తెచ్చుకుని, ఉన్నచోటే ముందుకూ వెనక్కూ ఊగేవాడు. చూసేవాళ్లకు అది ఆటలా ఉంటుంది గానీ, పొట్ట, నడుము, తుంటి కండరాలు మొండెం బరువును నేలకు తగలకుండా ఆపడం అప్పుడే అలవాటు చేసుకుంటాయి. పాకడం మొదలైన కొత్తలో వెనక్కి జరిగాడు. కాళ్ల కంటే చేతులే ముందుగా బలపడతాయి కాబట్టి చాలామంది పిల్లలు అలాగే జరుగుతారు. కుడి చేతితో ఎడమ మోకాలు, ఎడమ చేతితో కుడి మోకాలు కలిసి సాగడం అన్నిటికంటే చివర వచ్చింది.

మీ పాప కూర్చుంటుందన్నారు కదా, ఒక్క విషయం చూడండి. కూర్చోబెట్టినప్పుడు కూర్చోవడం వేరు, ఆ కూర్చున్న స్థితి నుంచి తనంతట తాను బయటికి రావడం వేరు. ఎప్పుడూ మనమే కూర్చోబెట్టి, ఒళ్లో బొమ్మ పెట్టి, ఏడిస్తే ఎత్తుకుంటూ ఉంటే, పక్కకు ఒరగవలసిన అవసరమే బిడ్డకు కలగదు. మా అత్తమ్మ వాడి పక్కనే కూర్చుని, వాడికి ఇష్టమైన స్టీలు గిన్నెను తుంటికి కొంచెం వెనకగా పెట్టేవారు. వాడు నడుము తిప్పి, ఒక చెయ్యి నేలకు ఆనించి అందుకోబోతే, మెల్లగా నాలుగు కాళ్ల మీదికి వచ్చేసేవాడు. నేను చూసిన వాటిలో ఇంతకంటే మేలైన సాధన లేదు.

బోర్లా ఉండటం ఇష్టం లేని పిల్లలను, పాలు తాగి కొంతసేపు గడిచాక, మన తొడ మీద అడ్డంగా వేసుకుని అరచేతులు నేలకు ఆనేలా పట్టుకోవచ్చు. ఇంకా కదలని పసివాళ్లు మెలకువగా ఉన్న సమయంలో రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు, కొద్దికొద్దిగానైనా, బోర్లా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. నిద్రకు మాత్రం వెల్లకిలే పడుకోబెట్టాలి. మెలకువగా ఉన్న వేళంతా చీర ఉయ్యాలలోనే గడిపే బిడ్డకు ఈ అవకాశం దొరకదు.

నేల సంగతి మన జిల్లా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మెరుగుపెట్టిన కడప బండల మీద పైజామా తొడిగిన మోకాళ్లు జారిపోతాయి, మందపాటి బొంత మీదనేమో చేతులు దిగబడతాయి. మోకాళ్లూ పాదాలూ బట్ట లేకుండా వదిలి, జారకుండా పరిచిన చాప మీద వేస్తే బిడ్డకు పట్టు దొరుకుతుంది.

వాకర్‌లో చేతుల మీద బరువు పడదు, మొండెం ఒరగదు, బిడ్డ కాలివేళ్లతో నేలను తన్నుకుంటూ తిరుగుతుంది. అంటే పైన చెప్పిన పనుల్లో ఒక్కటీ అందులో సాధన కాదు. దానివల్ల నడక త్వరగా వస్తుందన్నది నిజం కాదు. మెట్ల మీది నుంచి పడి తలకు దెబ్బలు తగులుతున్నందున కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. మన ఇళ్లలో గడపలూ, అరుగులూ, వాకిలి మెట్లూ ఉండనే ఉన్నాయి. పాకడం కొత్తగా వచ్చిన పిల్లలకు ఎత్తు అంటే జంకు ఉండదని, కొన్ని వారాలు పాకిన తర్వాతే అది ఏర్పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి పాప కదలడం మొదలుపెట్టిన రోజు నుంచే అరుగు వైపు అడ్డు పెట్టండి.

ఇక వైద్యుల దగ్గరికి వెళ్లవలసిన సందర్భాలు. ఎప్పుడూ ఒకే చేతిని వాడుతూ రెండో పక్కను ఈడుస్తున్నా, కాళ్లు బిగుసుకుపోయినట్టు గానీ వేలాడిపోతున్నట్టు గానీ ఉన్నా, గుప్పిళ్లు ఇప్పటికీ మూసుకునే ఉన్నా, వచ్చిన పనిని మళ్లీ మరచిపోయినా ఆలస్యం చేయవద్దు. పాప నెలలు నిండకుండా పుట్టి ఉంటే, వయసును పుట్టిన తేదీ నుంచి కాక ప్రసవానికి ఇచ్చిన తేదీ నుంచి లెక్కించాలి. ఇవేవీ లేకపోయినా, తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా వేయించడానికి ఎలాగూ వెళ్తారు కాబట్టి అప్పుడు అడగవచ్చు. కొత్తచోట పిల్లలు బిగుసుకుపోయి ఏమీ చేయరు. ఇంట్లో చాప మీద పాప ఎలా కదులుతుందో ముందే ఫోన్‌లో వీడియో తీసి తీసుకువెళ్లండి, మా వైద్యురాలు అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది దాన్నే.