కాలిఫోర్నియా తీరంలోని హోండా పాయింట్ దగ్గర ఒకే రాత్రి ఏడు యుద్ధనౌకలు రాళ్లకు ఎలా గుద్దుకున్నాయి? ఒక్కరికైనా అనుమానం రాలేదా?

అనుమానం రావడానికి కావలసినదంతా వాళ్ల చేతిలోనే ఉంది. నేను మర్చెంట్ నేవీలో డెక్ ఆఫీసర్‌ని కాబట్టి ఈ కేసు చదివినప్పుడల్లా మనసు అక్కడే ఆగిపోతుంది.

1923 సెప్టెంబర్ 8న అమెరికా నౌకాదళం డిస్ట్రాయర్లు (వేగంగా వెళ్లే యుద్ధనౌకలు) 14 శాన్ ఫ్రాన్సిస్కో నుంచి శాన్ డియాగోకు బయల్దేరాయి. అన్నిటికంటే ముందు డెల్ఫీ అనే ఓడ. స్క్వాడ్రన్ అధిపతి కెప్టెన్ ఎడ్వర్డ్ వాట్సన్ అందులోనే ఉన్నాడు. మంచు కమ్మేసింది, వేగం 20 నాట్లు (గంటకు దాదాపు 37 కి.మీ.). తీరం కనబడదు కాబట్టి ఎటు, ఎంత వేగంతో, ఎంతసేపు వచ్చామన్న లెక్క మీదే ఎక్కడున్నామో అంచనా వేసుకుంటున్నారు. మేం దీన్ని డీఆర్ (డెడ్ రెకనింగ్) అంటాం. నీటి ప్రవాహం పక్కకు నెట్టినా, వెనక్కి లాగినా ఆ లెక్కకు తెలియదు.

అదే తీరంలోని పాయింట్ ఆర్గ్వెల్లో రేడియో స్టేషన్ మాత్రం, ఓడలు ఇంకా తనకు ఉత్తరానే ఉన్నాయని బేరింగ్ (రేడియో సిగ్నల్‌ను బట్టి ఓడ ఏ దిక్కున ఉందో చెప్పే కొలత) ఇచ్చింది. అప్పటికి అది కొత్త టెక్నాలజీ, ఒక్కోసారి సరిగ్గా ఎదురు దిక్కు చూపించేది కూడా. డెల్ఫీ వాళ్లు తమ లెక్కనే నమ్మి, తప్పు స్టేషన్‌దే అనుకున్నారు. లోతు కొలిచి చూడొచ్చు, కానీ అందుకు వేగం తగ్గించాలి. తగ్గించలేదు. రాత్రి 9 గంటలకు, తాము మలుపు తిరగాల్సిన శాంటా బార్బరా ఛానల్ అనే జలమార్గం వచ్చేసిందనుకుని ఎడమకు తిప్పారు. ఐదు నిమిషాల్లో రాళ్లు.

మా ఓడలో ఒకసారి మంచులో జీపీఎస్ చూపించే చోటుకు, రాడార్‌లో తీరం దూరానికి పొంతన కుదరలేదు. ఏది కరెక్టో తేల్చేలోపే కెప్టెన్ ఇంజిన్ స్పీడు తగ్గించేశారు. "ముందు నెమ్మదించు బాబూ, తర్వాత వాదించుకుందాం" అన్నారు. షెడ్యూల్ టెన్షన్ ఆయనకు లేదని కాదు.

మిగతా ఓడలు ఎందుకు ఆగలేదంటారా? లీడర్ వెనకే దగ్గరగా నడవడం అప్పటి డిస్ట్రాయర్ల పద్ధతి. వాటిలో యంగ్ అనే ఓడ అడుగుభాగం చీలిపోయి రెండు నిమిషాల్లోపే ఒరిగిపోయింది, అందులోనే 20 మంది పోయారు. డెల్ఫీలో ముగ్గురు. యంగ్‌లో మిగిలిన 70 మందిని, పక్కనే ఇరుక్కున్న చౌన్సీ అనే ఓడకు తాడు కట్టి తెప్పలో దాటించారు. సోమర్స్, ఫారగట్ అనే మరో రెండు ఓడలు రాళ్లకు తగిలినా బయటపడ్డాయి. చివర వస్తున్న డివిజన్‌ను (ఓడల గుంపును) దాని కమాండర్ రోపర్ ఆపించాడు. వాట్సన్ బాధ్యత తనదేనని ఒప్పుకున్నాడు. కోర్టు మార్షల్‌లో (సైనిక న్యాయస్థాన విచారణలో) ఆయనకూ, డెల్ఫీ కెప్టెన్ హంటర్‌కూ సీనియారిటీ తగ్గించారు.

వారం ముందు జపాన్‌లో వచ్చిన భూకంపం వల్ల ప్రవాహాలు మారి ఉంటాయని కూడా కొందరంటారు. మారి ఉండొచ్చు. కానీ ప్రవాహం నెట్టేసిన దూరాన్ని పట్టిచ్చే బేరింగే ఆ రేడియో స్టేషన్ ఇచ్చింది కదా!