ధ్యానానికి కూర్చుంటే ఆలోచనలు ఇంకా ఎక్కువవుతున్నాయి. ఆఫీసు ఒత్తిడి తగ్గాలంటే ఎలా చేయాలి?

ఎక్కువవడం లేదండీ. పనుల హడావుడిలో పట్టించుకోనివి కూర్చోగానే బయటపడుతున్నాయి, అంతే. వాటిని ఆపాలని చూడకండి, అది ఎవరి వల్లా కాదు. మనసు పక్కకి వెళ్ళిందని గమనించి మళ్ళీ శ్వాస మీదకి తెచ్చుకోవడమే సాధన. పది నిమిషాల్లో యాభైసార్లు తెచ్చుకోవాల్సి వచ్చినా అది చెడిపోయిన ధ్యానం కాదు.

ముందు కూర్చోవడం సరిచూసుకోండి. నేల మీదైతే పిరుదుల కింద దుప్పటి మడిచి మూడు నాలుగు అంగుళాల ఎత్తు పెట్టుకోవాలి. మోకాళ్ళు తుంటి కంటే కిందికి ఉండాలి. లేకపోతే నడుము వెనక్కి ఒరిగి కాసేపట్లోనే నొప్పి మొదలవుతుంది. కాళ్ళు తిమ్మిరెక్కితే అది నరం మీద పడ్డ ఒత్తిడి, ఏదో శక్తి పాకడం కాదు, మెల్లగా కదిపేయండి. కుర్చీ అయినా ఇబ్బంది లేదు, పాదాలు నేలకి ఆనితే చాలు.

మొదటి రెండు నిమిషాలు ముక్కుతోనే నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. బలవంతంగా గబగబా గాఢంగా పీల్చారంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు చిమచిమలాడతాయి. చాలామంది దీన్నే ‘అనుభవం’ అనుకుంటారు!

తర్వాత శ్వాసని దాని మానాన వదిలేయండి. గాలి తగిలే చోటు, అంటే ముక్కుపుటాల అంచు, పై పెదవి పైభాగం, అక్కడే ధ్యాస పెట్టండి. నిలవకపోతే వదిలిన ప్రతిసారీ ఒక అంకె చొప్పున పది దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటికి రండి. పదిహేడు దగ్గర తేలారంటే ఎక్కడో తప్పిపోయారన్నమాట. ఒకటి నుంచి మొదలుపెట్టడమే.

భోజనం చేసిన రెండు గంటల్లోపు కూర్చోకండి, కునుకు పడుతుంది. రోజూ నిద్ర ముంచుకొస్తోందంటే మీకు కావాల్సింది ముందు నిద్రే. పొద్దున ఫోన్ చూడకముందు పది నిమిషాలు మంచి సమయం. టైమర్ పెట్టుకుంటే మాటిమాటికీ గడియారం చూసే పని తప్పుతుంది.

ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా గారి పద్ధతిలో జరిగే పది రోజుల విపశ్యన (ఒంట్లో కలిగే అనుభూతుల్ని గమనించే ధ్యానం) శిబిరాల్లో మొదటి మూడు రోజులూ శ్వాసని గమనించడమే ఉంటుంది. కానీ అక్కడ మౌనం పాటిస్తూ రోజుకి దాదాపు పది గంటలు కూర్చోవాలి. ఒత్తిడి తీరుతుందని నేరుగా అక్కడికి పరుగెత్తకండి, ముందు ఇంట్లో కొన్ని నెలలు అలవాటు చేసుకోండి.

శ్వాసని గమనిస్తుంటే గుండె దడ, భయం పెరిగితే కళ్ళు తెరిచి, ధ్యాసని అరికాళ్ళ మీదకి మార్చండి. అప్పటికీ తగ్గకపోయినా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా డాక్టర్ని కలవండి.