ఒకే కడాయి ఉన్న చైనీస్ హోటల్‌లో నలుగురు బాగా తినాలంటే

ప్రశ్న ఇది: నల్గొండ క్లాక్ టవర్ చుట్టుపక్కలో, మహబూబ్‌నగర్ న్యూటౌన్ వైపో, భార్యాభర్తలూ పిల్లలూ కలిసి నడుపుకునే చిన్న చైనీస్ హోటల్‌కు ఇంటిల్లిపాదీ పోతే ఏం చెప్పాలి? ఒకరోజు అదిరిపోయిన రైస్ ఇంకోరోజు ముద్దలా ఎందుకు వస్తుంది? ఇంట్లో నీసు ముట్టనివాళ్లు ఉంటే ఎట్లా?

కూర్చునే ముందు పొయ్యి వైపు ఒకసారి చూడండి. చాలాచోట్ల ఒకే పెద్ద బర్నర్, దాని మీద ఒకే ఇనుప కడాయి ఉంటాయి. పక్కన చిన్న పొయ్యి మీద నూనె మూకుడు. రైస్, నూడుల్స్, చిల్లీ చికెన్, సూప్ అన్నీ ఆ ఒక్క కడాయిలోంచే రావాలి. ఆర్డర్ చెప్పేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంటే సగం ఇబ్బందులు ఉండవు.

ఫ్రైడ్ రైస్‌కు కడాయి పొగలు కక్కేంత కాలాలి. చల్లారిన అన్నం పడగానే ఆ వేడి ఒక్కసారి దిగిపోతుంది. రెండు ప్లేట్ల అన్నం వరకైతే మంట తట్టుకుని మళ్లీ వేడెక్కిస్తుంది, మెతుకు మీది తడి ఎగిరిపోతుంది. నాలుగు ప్లేట్లు ఒకేసారి గుమ్మరిస్తే తడి బయటికి పోలేక అన్నం వేగడం మానేసి ఉడకడం మొదలుపెడుతుంది. ఎగరేయడానికి చోటుండదు కాబట్టి గరిటెతో నొక్కి తిప్పుతారు, మెతుకు విరుగుతుంది, సోయా సాస్ ఒకచోట నల్లగా ఒకచోట తెల్లగా మిగులుతుంది. రద్దీ రాత్రి ముద్ద రైస్ రావడానికి అసలు కారణం ఇదే. అందుకే ముందే చెప్పండి: “అన్నా, నాలుగూ ఒక్కసారి వద్దు, రెండు రెండు చేసి ఇయ్యి.” ఐదు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. కుటుంబం నడిపే చోట పొయ్యి దగ్గరున్నది జీతానికొచ్చిన మాస్టర్ కాకుండా యజమానే అయితే సంతోషంగా చేస్తాడు కూడా.

నలుగురు నాలుగు రకాలు చెప్పడం ఇంకో పొరపాటు. రకం మారిన ప్రతిసారీ కడాయి కడగాలి, మళ్లీ కాలనివ్వాలి. నాలుగోది వచ్చేసరికి మొదటిది చల్లారిపోతుంది. ఒక రైస్ రకం, ఒక నూడుల్స్ రకం, ఒక డ్రై, ఒక గ్రేవీ చెప్పుకుని మధ్యలో పెట్టుకుని పంచుకోండి. డ్రై ముందు రమ్మని, అది సగం అయ్యాక రైస్ మొదలుపెట్టమని చెబితే కడాయికీ మీకూ తీరిక దొరుకుతుంది. మంచూరియా డ్రై తీసుకుంటే చిల్లీ చికెన్ గ్రేవీ, లేదంటే అటుదిటు. రెండూ గ్రేవీలే చెబితే రెండూ ఒకే రుచి కొడతాయి.

మెనూ కార్డులో వంద పేర్లున్నా వెనకాల ఉండేది ఐదారు గిన్నెలే: సోయా, మిర్చి సాస్, టమాటా సాస్, వెనిగర్, షెజ్వాన్ పేస్ట్, కార్న్‌ఫ్లోర్ నీళ్లు. మిగతాదంతా వాటినే అటూ ఇటూ మార్చి కలిపేది. కాబట్టి చుట్టుపక్కల టేబుళ్ల మీద ఏది ఎక్కువ కనిపిస్తే అదే చెప్పండి, ఆ సరుకు తాజాగా ఉంటుంది. అమెరికన్ చాప్‌సీ లాంటిది వారానికి ఇద్దరు అడిగే ఊళ్లో దాని మీది వేయించిన నూడుల్స్ ఎప్పటివో ఊహించుకోవచ్చు. నేనైతే చెప్పను.

“ఇది అసలు చైనీస్ కాదు” అని వాదించేవాళ్లకు ఒక మాట. మనం తినే మంచూరియాకూ చైనాలోని మంచూరియా ప్రాంతానికీ సంబంధం లేదు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి తాలింపులో సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ కలిపి చికెన్ మంచూరియన్ చేశాడని చెబుతారు. షెజ్వాన్ అన్న పేరు సిచువాన్ రాష్ట్రం నుంచి వచ్చిందే గానీ, నాలుక తిమ్మిరెక్కించే అక్కడి మిరియం మన సాస్‌లో ఉండదు. మన దగ్గర అది ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, నూనె. ఇంట్లో నూరినదైతే ఎల్లిగడ్డ ముక్కలు పంటికి తగులుతాయి, పైన ఎర్ర నూనె తేలుతుంది. డబ్బాలోదైతే తియ్యగా, జిగురుగా ఉంటుంది. ఇంటి సాస్ ఉన్న చోట షెజ్వాన్ చెప్పండి, డబ్బా సాస్ ఉన్న చోట మామూలు రైసే మేలు.

ఇక అన్నం. ఇక్కడ వాడేది ఎక్కువగా మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చే బీపీటీ, హెచ్‌ఎంటీ లాంటి సన్నాలే, బాస్మతి తక్కువ. సన్న బియ్యం కనీసం ఆరు నెలలు పాతబడితే మెతుకు విడివిడిగా వస్తుంది. వానాకాలం పంట దిగాక సంక్రాంతి ముందూ వెనకా కొత్త బియ్యం వండే చోట ఎంత మంట పెట్టినా రైస్ అంటుకుంటుంది. ఆ నెలల్లో అక్కడ నూడుల్స్ చెప్పుకోవడం తెలివి.

అన్నం విషయంలో రుచి కంటే జాగ్రత్త ముఖ్యం. మధ్యాహ్నం వండిన అన్నం రాత్రికి వాడతారు, అది మామూలే. ఎక్కడ ఉంచారన్నదే చూడాలి. వెడల్పాటి ట్రేలో పలుచగా పరిచి, ఆరాక ఫ్రిజ్‌లో పెడితే మంచిది. మూతపెట్టిన పెద్ద స్టీల్ గిన్నెలో అట్లాగే వదిలితే పైన చల్లారినా నడిమధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు, ఆ వెచ్చదనంలో మొలకెత్తి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ కడాయిలో వేయించినా పోదు. తిన్న 1 నుంచి 6 గంటల్లో వాంతులు మొదలవుతాయి. 44 డిగ్రీలు కొట్టే మే నెలలో ఇది చిన్న విషయం కాదు. అన్నం ఏమాత్రం పుల్లటి వాసన వేసినా, చేతికి జారుడుగా తగిలినా తినకండి. వాసన లేనంత మాత్రాన బాగున్నట్టు కాదు, అందుకే గిన్నె చూడమనేది.

మంచూరియా ఉండలు సాయంత్రం ఒకసారి వేయించి పెట్టుకుంటారు, ఆర్డర్ వచ్చాక రెండోసారి వేయిస్తారు. రెండోసారి వేయించకుండా నేరుగా సాస్‌లో వేస్తే మెత్తగా, నూనె పీల్చినట్టు ఉంటాయి. ఉండ కొరికితే లోపల రబ్బరులా సాగిందంటే మైదా ఎక్కువైందని. క్యాబేజీ తురుముకు ఉప్పు కలిపి చాలాసేపు వదిలేస్తే నీరు ఊరుతుంది, ఆ నీటిని పట్టి ఉంచడానికి మైదా గుమ్మరిస్తారు. గ్రేవీ గాజులా మెరుస్తూ గరిటె వెనక పలుచగా అంటుకోవాలి. ప్లేట్‌కు ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ నాలుగు చెంచాల చల్లటి నీళ్లలో కలిపి ఆఖర్న పోస్తే చాలు. జిగటగా, పచ్చి పిండి వాసనతో ఉంటే పోశాక ఒక నిమిషం మరగనివ్వలేదని అర్థం. వెనక్కి ఇచ్చి “ఇంకొంచెం మరిగించు అన్నా” అనొచ్చు.

ఎర్రగా మెరిసిపోయే గోబీని చూసి మురిసిపోకండి. మిర్చితో వచ్చే ఎరుపు ఇటుక రంగులో ఉంటుంది. పక్కనున్న ఉల్లిగడ్డ ముక్కకూ మీ వేళ్లకూ గులాబీ రంగు అంటిందంటే అది కలర్. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. హోటళ్ల నుంచి తెచ్చిన నమూనాల్లో హానికరమైన రంగులు బయటపడ్డాయి మరి. “అక్కా, కలర్ లేకుండా చెయ్యి” అంటే చేస్తారు, కానీ చికెన్‌కు పొద్దున్నే మసాలాతో పాటు పట్టించి ఉంటే అప్పుడు చేయగలిగేదేం లేదు. గోబీ, పనీర్ విషయంలోనే ఆ మాట పనికొస్తుంది.

టేస్టింగ్ సాల్ట్ (అజినోమోటో, అంటే గ్లుటమేట్ ఉప్పు) గురించి అందరూ అడుగుతారు. దాన్ని 1908లో జపాన్‌లో కికునాయె ఇకెడా సముద్రపు నాచు నుంచి వేరు చేశాడు. మామూలు మోతాదులో దానివల్లే తలనొప్పి వస్తుందని జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో నిలకడగా తేలలేదు. వద్దంటే వెయ్యరు గానీ, సోయా సాస్‌లో సహజంగానే గ్లుటమేట్ ఉంటుంది కాబట్టి పూర్తిగా తప్పదు. బీపీ ఉన్నవాళ్లు పట్టించుకోవాల్సింది ఉప్పునే. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దలకు రోజుకు 2000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. “సోయా సగం, ఉప్పు వేరే వద్దు, పైన నిమ్మకాయ పిండుకుంటం” అంటే సరిపోతుంది.

నీసు తిననివాళ్లతో పోతే కడాయి కడిగించడం అందరికీ తెలిసిందే, అసలు చిక్కు నూనె మూకుడు దగ్గర. గోబీ, చికెన్ 65, అపోలో ఫిష్ అన్నీ ఆ నూనెలోనే మునుగుతాయి. వేరే మూకుడు లేకపోతే వేయించే పదార్థాలు మానేసి వెజ్ నూడుల్స్, వెజ్ రైస్, స్వీట్ కార్న్ సూప్‌తో సర్దుకోవాలి. సూప్‌కు కూడా “కోడి నీళ్లు పోస్తరా, ఉత్త నీళ్లేనా?” అని అడగండి. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య పోతే నూనె అప్పుడే మార్చి ఉండే అవకాశం ఎక్కువ, పొయ్యి దగ్గర రద్దీ కూడా ఉండదు. నూనె నల్లబడి, తక్కువ మంటకే పొగ లేచి, పైన చిన్న చిన్న నురగ నిలిచిపోతే ఆ రోజు ఏదీ వేయించినది తినొద్దు.

చికెన్‌కు ఆదివారం రాత్రి మంచిది, సరుకు ఆగదు. సోమ, మంగళ, శనివారాల్లో, శ్రావణ, కార్తీక మాసాల్లో మాంసం గిరాకీ పడిపోతుంది, ముందురోజు మసాలా పట్టించినది మిగిలే అవకాశం ఉంటుంది. ఆ రోజుల్లో కోడిగుడ్డు రైస్ మేలు, కళ్లముందే గుడ్డు కొడతారు. అపోలో ఫిష్ చెబితే ఏ చేప అని అడగండి. కొరమీనైతే ముళ్లు తక్కువ, ముక్క విడిపోదు. బొచ్చె అయితే పిల్లలకు పెట్టేముందు మీరే విప్పి చూడాలి.

పార్సిల్‌కైతే ఇంటి నుంచి స్టీల్ డబ్బాలు తీసుకుపోండి. గ్రేవీ, ఉండలు వేర్వేరుగా కట్టించి ఇంటికొచ్చాక కలపాలి, కలిపి తెస్తే పది నిమిషాల్లో ఉండలు నాని పగిలిపోతాయి. డ్రై పదార్థాలకు మూత బిగించొద్దు, ఆవిరి నీరై మళ్లీ వాటి మీదే పడుతుంది. మిగిలిన రైస్ రెండు గంటల్లోపు పలుచని గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు రెండు చెంచాల నీళ్లు చల్లి పెద్ద మంట మీద పొగలు వచ్చేదాకా వేడిచేసి తినండి.