కాగితంతో అంతరిక్ష నౌక కట్టబోయే సాహితికి

చిరంజీవి సాహితికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూశాను. ముందు గుండ్రటి ముఖం, వెనక వంపులు తిరిగిన పొడవాటి ఒళ్లు, నడుముకి చక్రం, తోకలో నాలుగు ఇంజన్లు. బొమ్మగా దానికి వంక పెట్టలేను. కానీ దాన్ని కాగితంతో కడతానంటున్నావు కాబట్టి ముందే చెప్తున్నా, ఆ ఒళ్లు మార్చాల్సిందే. సెలవులు అయిపోయేదాకా కూర్చున్నా అది కుదరదు.

కాగితం ఒకసారికి ఒకవైపే వంగుతుంది. చుడితే గొట్టం, వాలుగా చుడితే శంకువు, మడిస్తే పెట్టె. ఒకే చోట రెండు వైపులా వంగమంటే ముడతలు పడుతుంది, లేదా చిరుగుతుంది. నీ చేతిలో పనితనం ఎంత ఉన్నా ఇది మారదు. గోళాన్ని సాగదీయకుండా, ముడవకుండా బల్లపరుపుగా పరచలేమని గౌస్ అనే గణితవేత్త 1827లో వంపు తలాల మీద చెప్పిన సిద్ధాంతం నుంచే తేలుతుంది. మెర్కేటర్ పద్ధతిలో గీసిన ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది కదా. నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు 14 రెట్లు పెద్దది. గుండ్రటి భూమిని చదును కాగితం మీదకి తెచ్చేటప్పుడు ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. పటం గీసేవాడు సాగదీయగలడు, నువ్వు కాగితాన్ని సాగదీయలేవు.

అందుకని నౌకను ముందు ఊహించుకుని తర్వాత కాగితాన్ని ఒప్పించే పని పెట్టుకోకు. కాగితం ఒప్పుకునే ఆకారాల్లోంచే నౌకను పుట్టించు. అలా చేస్తే అందం తగ్గుతుందని బెంగ వద్దు, నిజానికి నౌక ఇంకా నమ్మేలా తయారవుతుంది. అంతరిక్షంలో గాలి లేదు, కాబట్టి గాలిని కోసుకుంటూ పోయే వంపులు అక్కర్లేదు. చంద్రుడి మీద దిగిన అపోలో లూనార్ మాడ్యూల్‌ని చూడు, మూలలూ కాళ్లూ తప్ప నునుపనేదే లేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాదాపు 109 మీటర్ల వెడల్పున గొట్టాలు, దూలాలు, పలకలుగా పరుచుకుని ఉంటుంది. ఆ పలకల్లో తెల్లగా ఉండేవి రేడియేటర్లు. శూన్యంలో వేడిని ఊదేయడానికి గాలి ఉండదు, వికిరణం రూపంలోనే వదిలించుకోవాలి, దానికి వెడల్పాటి ఉపరితలం కావాలి. పెద్ద ఇంజన్లున్న నీ నౌకకి పెద్ద రేడియేటర్లు ఉండి తీరాలి, నీ బొమ్మలో అవి ఒక్కటీ లేవు. చదును పలక కన్నా కాగితానికి సులువైనది ఇంకేముంది? పెట్టు, నాలుగు పెట్టు.

ఇక చక్రం. దాన్ని తీసేయమని అంటావేమో పెదనాన్నా అని నువ్వు భయపడుతూ రాశావు. తీయొద్దు. నౌకలో నాకు బాగా నచ్చింది అదే. కాకపోతే దాని సైజు లెక్కతో రావాలి. తిరిగే చక్రంలో కృత్రిమ గురుత్వం అంటే వ్యాసార్థాన్ని కోణీయ వేగం వర్గంతో గుణించడమే, నీ ఇంటర్ ఫిజిక్స్‌లో ఉన్నదే. నిమిషానికి రెండు చుట్లు తిరుగుతూ భూమి మీద ఉన్నంత బరువు రావాలంటే వ్యాసార్థం సుమారు 224 మీటర్లు ఉండాలి. మూడు చుట్లు తిప్పి, సగం బరువుతో సరిపెట్టుకుంటే 50 మీటర్లు చాలు. 1:500 స్కేలులో మొదటిది 90 సెంటీమీటర్ల చక్రం అవుతుంది, మీ ఫ్లాట్‌లో అది పెట్టే చోటేదీ? రెండోది సరిగ్గా 20 సెంటీమీటర్లు. ఎ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, కాబట్టి ఒక్క షీటులో పడుతుంది. ఈ స్కేలునే ఖాయం చేసుకో. మొత్తం నౌక 250 మీటర్లు అనుకుంటే బల్ల మీద అరమీటరు.

స్కేలు ఖాయమయ్యాక మనిషిని గుర్తుపెట్టుకో. 1:500లో ఆరడుగుల మనిషి నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండడు. మీటరు కిటికీ రెండు మిల్లీమీటర్లు. నువ్వు గీసిన కిటికీలు ఒక్కోటీ మూడంతస్తుల ఇల్లంత ఉన్నాయి, అందుకే నౌక చిన్న బొమ్మ కారులా కనబడుతోంది. కిటికీలు చిన్నవైతే నౌక దానంతటదే పెద్దదవుతుంది. వాటిని కోయకు, రంగులో అచ్చు వేసేయ్.

చక్రాన్ని సైకిల్ ట్యూబులా గుండ్రంగా చేయబోకు, అది కూడా రెండు వైపులా వంగిన ఆకారమే. బయటి వ్యాసార్థం 100, లోపలి వ్యాసార్థం 80 మిల్లీమీటర్లతో రెండు చదును రింగులు కోసి, వాటి మధ్య 30 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు నిలబెట్టు. బయటి పట్టీ పొడవు 628, లోపలిది 503 మిల్లీమీటర్లు. ఎ4 పొడవు 297 మాత్రమే, అందుకని బయటిది మూడు ముక్కలు, లోపలిది రెండు ముక్కలు చేసి, అతుకులు చక్రాన్ని ఇరుసుకి కలిపే చువ్వల వెనక దాచు. పట్టీల ఫ్లాపులు, అంటే జిగురు పూసే అంచులు, రంపపు పళ్లలా త్రికోణాలుగా ఉండాలి, లేకపోతే వంపులో కాగితం పోగుపడుతుంది. ఇంకో మాట, ఆ చక్రంలో మనుషుల కాళ్లు బయటివైపుకి, తలలు ఇరుసు వైపుకి ఉంటాయి. నేల అంటే బయటి పట్టీయే. కాబట్టి కిటికీల వరసలు చదును రింగుల మీద, చక్రంతో పాటు గుండ్రంగా తిరిగేలా వేయి. ఇది చూసి అర్థం చేసుకునేవాళ్లు తక్కువే, అయినా వేయి.

గుండ్రటి ముఖం సంగతి. పుచ్చకాయ ముక్కల్లా పన్నెండు తొనలుగా కోసి గోళం చేసే పద్ధతి ఉంది. 60 మిల్లీమీటర్ల వ్యాసమున్న గోళానికి ఒక్కో తొన 94 పొడవు, మధ్యలో 15.7 వెడల్పు. కోయడం సులువే, పన్నెండు కొనలు ఒకచోట కలిసే దగ్గర మాత్రం ఎప్పుడూ చిల్లో, బొడిపో మిగులుతుంది. టేబుల్ టెన్నిస్ బంతి పెట్టేద్దామని మీ తమ్ముడు సలహా ఇస్తాడు, వినకు. నన్నడిగితే, ముఖాన్ని కొన తీసేసిన శంకువుల దొంతరగా మార్చు. ఒకదాని మీద ఒకటి మూడు పేర్చి, పైన చిన్న బిళ్ల మూత పెట్టు. దూరం నుంచి గుండ్రంగానే ఉంటుంది, దగ్గరికి వస్తే రేకులు అతికినట్టు ఉంటుంది, నౌకకి అదే కావాలి.

అందులో ఒక శంకువునైనా కంప్యూటర్ ముట్టుకోకుండా చేత్తో గీయి. పెద్ద మూతి వ్యాసం 60, చిన్న మూతి 30, ఎత్తు 20 అనుకో. వ్యాసార్థాల తేడా 15, ఎత్తు 20, కాబట్టి ఏటవాలు 25. కొన దాకా పొడిగిస్తే ఏటవాలు 50. కంపాస్‌తో ఒకే కేంద్రం నుంచి 50, 25 మిల్లీమీటర్ల చాపాలు గీయి. కోణం కోసం 360ని 30తో గుణించి 50తో భాగించు, 216 డిగ్రీలు వస్తుంది. అంచున ఫ్లాపు వదిలి కోసి, చుట్టు. అది చేతిలో సరిగ్గా మూసుకున్నప్పుడు నీకే తెలుస్తుంది నేనెందుకు పట్టుబట్టానో. డిష్ యాంటెన్నాకి ఇంత లెక్క కూడా అక్కర్లేదు. 25 మిల్లీమీటర్ల వ్యాసార్థమున్న బిళ్లలోంచి 40 డిగ్రీల ముక్క తీసేసి అంచులు కలిపితే లోతు తక్కువ శంకువు వస్తుంది. నాసా జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ వాళ్లు శనిగ్రహానికి వెళ్లిన 'కాసిని' అనే నౌక కాగితపు మోడల్‌ని ఉచితంగా ఇచ్చారు. నీ నౌక మొదలుపెట్టే ముందు దాన్నొకటి కట్టు. వేరేవాళ్లు ఫ్లాపులు ఎక్కడ పెట్టారో, ముక్కలకి నంబర్లు ఎలా వేశారో చూస్తే సగం సందేహాలు పోతాయి.

మిగతాది బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేసుకో. అది ఉచితం, మోడల్‌ని విప్పి కాగితం మీద పరిచే యాడ్-ఆన్ కూడా ఉంది. పెపకురా అనే జపాన్ సాఫ్ట్‌వేర్ కూడా ఈ పనికే పుట్టింది. ఏది వాడినా దాని మాట గుడ్డిగా వినొద్దు. నువ్వు వంపు ఒళ్లు ఇస్తే అది ఏ ఇబ్బందీ లేకుండా వందల త్రికోణాలుగా విప్పి ఇచ్చేస్తుంది. వాటిని నీ వేళ్లు పట్టుకోగలవా లేదా అన్నది దానికి పట్టదు. గోరంత ముక్క కన్నా చిన్నది వస్తే డిజైన్ మార్చు. అతుకులన్నీ నౌక పొట్ట కిందికి తిప్పు.

ప్రింట్ తీసేటప్పుడు ప్రతి షీటు మీదా సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి పెట్టు. జిరాక్స్ షాపు అబ్బాయి 'ఫిట్ టు పేజ్' అలాగే ఉంచేసి నొక్కేస్తాడు, బొమ్మ మూడు నాలుగు శాతం కుదించుకుపోతుంది. కంటికి తెలియదు. ఒక షీటు అక్కడా ఇంకో షీటు ఇంకోచోటా తీయించావంటే గొట్టం మూతలో పట్టదు. కౌంటర్ దగ్గరే స్కేలు పెట్టి కొలువు, మొహమాటపడకు.

మొదట మామూలు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) తెల్ల కాగితం మీద, రంగులేమీ లేకుండా మొత్తం కట్టేయ్. దీన్ని ఎవరూ చేయరు, అందరూ నేరుగా రంగుల్లోకి దూకుతారు. తప్పు కొలతలన్నీ ఆ తెల్ల నమూనాలోనే బయటపడతాయి, దాని మీదే పెన్నుతో దిద్దుకో. అసలుదానికి ఒంటికి 160 నుంచి 200 జీఎస్ఎం కార్డు, చిన్న ముక్కలకి పల్చనిది. ఇంక్‌జెట్ ప్రింటయితే తడి జిగురు తగిలిన చోట రంగు పాకుతుంది, కోయకముందే మ్యాట్ వార్నిష్ స్ప్రే కొట్టు. లేజర్ అయితే పాకదు కానీ మడతల దగ్గర పొడి రాలి తెల్ల గీత పడుతుంది. నౌక బూడిద రంగే అంటున్నావు కాబట్టి లేజరే మేలు, ఆ తెల్ల గీతల్ని, కోసిన అంచుల్ని అదే రంగు పెన్సిల్‌తో రుద్దేస్తే పోతాయి. అంచులు రంగు వేయని మోడల్‌కి ఎంత మంచి పనితనం ఉన్నా కాగితం కాగితంలాగే కనిపిస్తుంది.

కాగితానికి నార ఉంటుంది. రెండు వైపులా మెల్లగా వంచి చూడు, ఒకవైపు సులువుగా లొంగుతుంది. గొట్టాన్ని ఆ లొంగే వైపుకే చుట్టు. చుట్టేముందు అప్పడాల కర్ర మీద రెండుసార్లు ఒత్తి వంపు తెప్పించు. మడత గీతల్ని స్టీలు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో నొక్కి గీయి. బ్లేడుతో గీస్తే 200 జీఎస్ఎం కూడా తెగి ఊరుకుంటుంది. జిగురుకి ఫెవికాల్ చాలు, అగ్గిపుల్లతో సన్నగా పూసి, కాస్త ఆరనిచ్చి అంటించు. ఎక్కువైతే నీటికి కాగితం ఉబ్బుతుంది.

గొట్టాల లోపల బిళ్లలు పెట్టకపోతే నెలలోపే నొక్కుకుపోతాయి. బిళ్లలకి పాత పెళ్లి కార్డుల కన్నా మంచి అట్ట దొరకదు. 40 మిల్లీమీటర్ల గొట్టంలోకి 40 బిళ్ల దూరదు, కాగితం మందం రెండు వైపులా పోతుంది, 39.6 పెట్టు. నడుము దూలానికి 15 మిల్లీమీటర్ల భుజాలున్న త్రికోణపు గొట్టం మడిచి పైన ఇనుప దూలం గీతలు అచ్చు వేయి. చతురస్రపు గొట్టం పక్కకి ఒరిగిపోతుంది, త్రికోణం ఒరగదు. యాంటెన్నాలకి కొబ్బరి ఈనెలు వాడితే నాకు అభ్యంతరం లేదు. బంతి వద్దన్నవాడివి ఈనె ఎలా ఒప్పుకున్నావని అడక్కు.

పని మధ్యనుంచి రెండు చివరలకి సాగనివ్వు, రేడియేటర్లు ఆఖర్న. అన్నీ అతికాక నౌకను వేలి మీద నిలబెట్టి ఎక్కడ తూగుతుందో చూసి, స్టాండు అక్కడే పెట్టు. ఇంజన్ల వైపు ఎక్కువ బరువైతే ముఖం లోపల రెండు రూపాయి బిళ్లలు అతికించొచ్చు, కాబట్టి ముఖం మూత చివరిదాకా మూయకు.

హైదరాబాద్‌లో ఫర్వాలేదు కానీ, మా బందరు గాలికి వానాకాలంలో కాగితం మెత్తబడిపోతుంది. ఇక్కడికి తెస్తే అద్దాల పెట్టెలో పెట్టి తీసుకురా, కిటికీ ఎండ పడనివ్వకు, ప్రింటు రంగులు వెలిసిపోతాయి.

తెల్ల నమూనా అవ్వగానే నాలుగు వైపుల నుంచీ, కింద నుంచీ ఫోటోలు పంపు. చక్రం చువ్వలు ఎన్ని పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం. పెళ్లి కార్డులు పారేయొద్దని మీ అమ్మకి చెప్పు.

మీ పెదనాన్న
మచిలీపట్నం