లండన్ బెండీ బస్సుల తొలగింపు సరైన నిర్ణయమేనా? 25వ నంబరు ప్రయాణికురాలి సమాధానం

లండన్ నగరం 2011 చివరికల్లా బెండీ బస్సులన్నింటినీ (రెండు భాగాలుగా ఉండి మధ్యలో వంగే పొడవాటి బస్సులు) తీసేసి, చాలా మార్గాల్లో వాటి స్థానంలో డబుల్ డెక్కర్లను నడపడం సరైన నిర్ణయమేనా, ఇప్పుడు వాటిని మళ్లీ తెచ్చే అవకాశం ఉందా అని అడిగారు. తొలగించడం తప్పేనని, కనీసం తూర్పు లండన్‌లోని ఇల్‌ఫర్డ్ నుంచి నగరం నడిబొడ్డుకు వెళ్లే 25వ నంబరు మార్గంలోనైనా వాటిని తిరిగి తేవాలని నా గట్టి అభిప్రాయం. ఇల్‌ఫర్డ్‌లో కాపురం పెట్టిన నాటి నుంచి నా ఉద్యోగం, ఆసుపత్రి, కూరగాయలు, పిల్లవాడి టీకాలు అన్నీ ఆ ఒక్క బస్సు మీదే నడిచాయి కాబట్టి, దారిన పోతూ ఆ బస్సును చూసినవారి మాట కంటే అందులో ఎక్కి దిగిన నా మాటకు కొంచెం ఎక్కువ విలువ ఉంటుందని అనుకుంటున్నాను.

కెన్ లివింగ్‌స్టన్ మేయర్‌గా ఉండగా 2002లో 507, 521 మార్గాల్లో ఇవి మొదలయ్యాయి. పద్దెనిమిది మీటర్ల పొడవున్న మెర్సిడెస్ సిటారో బండి, మూడు తలుపులు, దాదాపు 150 మందికి చోటు. అయితే వారిలో కూర్చోగలిగేది మూడోవంతు మందే, మిగిలినవారు నిలబడాలి. 2004లో 25కు వచ్చాయి. 2008 ఎన్నికల్లో వీటిని తొలగిస్తానని వాగ్దానం చేసి గెలిచిన బోరిస్ జాన్సన్ మరుసటి ఏడాదే ఆ పని మొదలుపెట్టాడు. మా 25 వంతు 2011 జూన్‌లో వచ్చింది, ఆ డిసెంబరులో 207వ నంబరుతో వీటి కథ ముగిసింది.

ఆ మార్పు తర్వాత జరిగిన ఒక సాయంత్రం గురించి చెప్పాలి. అప్పట్లో మా అమ్మ నా దగ్గర ఉండేది. ఆమెకు రెండు మోకాళ్లూ అరిగిపోయి, మెట్టు ఎక్కాలంటే ముందు కుడికాలు వేసి, ఊపిరి పీల్చుకుని, తర్వాత ఎడమకాలు దాని పక్కకు చేర్చుకునేది. వైట్‌చాపెల్ సంతలో ఆనపకాయ, దొండకాయలు, కొత్తిమీర కొనుక్కుని, బగ్గీలో, అంటే పిల్లల తోపుడు బండిలో, బాబును నిద్రపుచ్చి, వర్షం మొదలవుతుండగా స్టాపుకు చేరాము. మొదట వచ్చిన డబుల్ డెక్కర్‌లో బగ్గీల చోటు అప్పటికే నిండిపోయింది. డ్రైవరు అద్దం వెనుక నుంచే చేయి అడ్డంగా ఊపాడు. దాని వెనుక వచ్చిన బస్సులో చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నారు, ఆ చోటు న్యాయంగా ఆయనదే. ఆ తర్వాతి బస్సు కోసం బాబును లేపి, ఏడుస్తున్నవాడిని ఒక చంకన వేసుకుని, తడిసిన బగ్గీని మోకాలితో అదిమి మడిచాను. దాని ప్లాస్టిక్ కప్పు మీద నిలిచిన నీళ్లన్నీ నా మోచేతి దాకా కారాయి. లోపలికి వెళ్లాక కింద సీట్లన్నీ నిండి ఉన్నాయి. అమ్మ మెట్ల పక్కనున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పై అంతస్తులో సీట్లు ఖాళీగా ఉన్నాయని రికార్డు గొంతు మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంది. "వద్దులేమ్మా, నా సంగతి వదిలెయ్, నువ్వు పిల్లవాడిని చూసుకో" అని అమ్మ అంటుంటే ఆమె పిడికిళ్లు తెల్లబడి కనిపిస్తున్నాయి. స్ట్రాట్‌ఫర్డ్ దాకా ఆ తల్లి అలాగే నిలబడింది. అక్కడ ఒక కుర్రవాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, చూసి, లేచి సీటిచ్చాడు.

అదే స్టాపులో, అదే బగ్గీతో, అదే అమ్మతో బెండీ బస్సు ఎలా ఎక్కేవాళ్లమో కూడా చెప్పాలి. మధ్య తలుపు మా ఎదుట ఆగేది. గడప మెట్టు లేదు, లోపల నేల చదునుగా ఉండేది, బగ్గీని మడవకుండా నేరుగా తోసుకుపోయేదాన్ని. అమ్మ ఏ తలుపు దగ్గర ఖాళీ సీటు కనిపిస్తే ఆ తలుపులోంచి ఎక్కి కూర్చునేది. రెండు భాగాలు కలిసేచోట నేలలో గుండ్రటి పళ్లెం ఒకటి ఉండేది. బస్సు మలుపు తిరిగినప్పుడు అది కాళ్ల కింద నెమ్మదిగా తిరుగుతూ, పక్కనున్న బూడిదరంగు గోడ హార్మోనియం తిత్తిలా ఒకవైపు ముడుచుకుని రెండోవైపు విచ్చుకునేది. బాబు దాన్ని చూస్తూ ఏడుపు మానేసేవాడు. సీట్లు తక్కువని ఆ బస్సును తిట్టినవారు ఒక విషయం మరిచిపోతారు: డబుల్ డెక్కర్‌లో సీట్లు ఎక్కువే కానీ వాటిలో సగానికి పైగా మెట్ల పైన ఉంటాయి, మెట్లెక్కలేని మనిషికి ఆ సీట్లు లేనట్టే లెక్క.

టికెట్ లేకుండా ఎక్కేవారు ఎక్కువన్నది వీటిపై వినిపించిన పెద్ద ఆరోపణ. అది నిజమే, మూడు తలుపుల్లోంచీ ఎక్కనిస్తే కార్డు తాకించకుండా లోపలికి దూరేవారు ఉంటారు. అందుకు తనిఖీ సిబ్బందిని పెంచాలి గానీ బస్సును మార్చడమెందుకు? పైగా జాన్సన్ తన గొప్పగా చెప్పుకుని 2012 ఫిబ్రవరిలో 38వ నంబరు మీద ప్రవేశపెట్టిన కొత్త రూట్‌మాస్టర్ అనే డబుల్ డెక్కర్‌కు కూడా మూడు తలుపులే పెట్టించాడు, మూడింటి నుంచీ ఎక్కనిచ్చాడు. అదే దొంగ ప్రయాణాల సమస్య వచ్చి 2020లో ముందు తలుపు నుంచి మాత్రమే ఎక్కాలని మార్చారు. ఒక బస్సుకు ఉరిశిక్ష పడిన నేరాన్నే ఇంకో బస్సుకు ఎనిమిదేళ్లపాటు క్షమించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ కొత్త బస్సుకు కిటికీలు తెరుచుకునే వీలు లేక వేసవిలో పై అంతస్తులో ఉక్కపోతతో జనం అల్లాడితే, తర్వాత మళ్లీ డబ్బు పోసి కిటికీలు మార్పించారు. వెనుక తలుపు దగ్గర నిలబడటానికి పెట్టిన సిబ్బందిని 2016లో తీసేశారు. దానికి పేరిచ్చిన పాత రూట్‌మాస్టర్ డబుల్ డెక్కర్ మీద నగరానికున్న ప్రేమను నేను తప్పుపట్టను, అది అందమైన బస్సే, కానీ ఆ ప్రేమకు మూల్యం మా అమ్మ మోకాళ్లు చెల్లించాలా?

మంటల సంగతి కూడా చెబుతారు. 2003 డిసెంబరుకు, 2004 మార్చికి మధ్య మూడు బస్సులు కాలిపోవడం, బండ్లన్నింటినీ కొంతకాలం ఆపి సరిచేయడం వాస్తవం. లండన్ వదిలించుకున్నవాటిలో కొన్ని మాల్టాకు వెళ్లి, అక్కడ 2013లో మంటలు రేగి, వాటిని పూర్తిగా నిలిపివేసిన సంగతీ వాస్తవమే. ఎండలు మండే దీవిలో వయసు మీరిన బండ్లను నడిపితే వచ్చిన ఫలితాన్ని చూపించి లండన్‌లోని బండ్లన్నీ ప్రమాదకరమనడం న్యాయం కాదు. 2004 మరమ్మతు తర్వాత మా దారిలో అవి ఏళ్ల తరబడి తిరిగాయి, మేమంతా క్షేమంగా ఇళ్లకు చేరాము.

పొడవాటి బెండీ బస్సుల వల్ల సైక్లిస్టులకు ప్రమాదమన్న వాదన నన్ను ఇంకా బాధిస్తుంది, ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించినది. మా దారిలో బెండీ బస్సులు పోయిన కొద్ది నెలలకే, 2011 చివర్లో, బో రౌండబౌట్ అనే కూడలి దగ్గర ఇద్దరు సైక్లిస్టులు లారీల కింద పడి మరణించారు. రోడ్డు మీద సైకిళ్ల కోసం నీలిరంగు పూసి దానికి సూపర్‌హైవే అని పేరు పెట్టడం కంటే లారీలకు, సైకిళ్లకు మధ్య గట్టు కట్టడం ముందు చేయవలసిన పని. బస్సు పొడవు మీద ఎన్నికల సభల్లో పెట్టిన శ్రద్ధలో కొంతైనా ఆ కూడలి మీద పెట్టి ఉంటే బాగుండేది.

ఇరుకు మలుపుల్లో బస్సు తోక కూడలి మధ్యలో ఇరుక్కుని అడ్డుపడేదన్న ఫిర్యాదులో మాత్రం నిజముంది. సందులూ మలుపులూ ఎక్కువున్న మార్గాల నుంచి తీసేసి ఉంటే నేను నోరెత్తేదాన్ని కాదు. కానీ రామ్‌ఫర్డ్ రోడ్డు, స్ట్రాట్‌ఫర్డ్, మైల్ ఎండ్, వైట్‌చాపెల్ మీదుగా వెళ్లే మా దారి చాలావరకు వెడల్పుగా, తిన్నగా సాగిపోతుంది. రైలు దిగినవారిని వాటర్లూ, విక్టోరియా స్టేషన్ల మధ్య కొద్ది నిమిషాల్లో చేరవేసిన, 2023లో రద్దయిన 507 కూడా అలాంటిదే. అక్కడ ఎవరికీ సీటు కావాలన్న పట్టింపు ఉండేది కాదు, త్వరగా ఎక్కి త్వరగా దిగితే చాలు. అన్ని మార్గాలకూ ఒకే తీర్పు ఇవ్వడమే అసలు పొరపాటు.

బగ్గీలకూ చక్రాల కుర్చీలకూ మధ్య నేటికీ ఆ చిన్న చోటు కోసం తగవు నడుస్తూనే ఉంది. లండన్ బయట జరిగిన అలాంటి ఒక తగవు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బగ్గీ తీయమని డ్రైవరు ఒకసారి అడిగి ఊరుకుంటే సరిపోదని, చోటు ఖాళీ చేయించడానికి ఇంకొంత ప్రయత్నించాలని 2017లో తీర్పు వచ్చింది. ఆ తీర్పు అవసరమైనదే, కానీ అది ఉన్న చోటును ఎవరికివ్వాలో చెబుతుందే తప్ప చోటును పెంచదు. ఆ సాయంత్రం చక్రాల కుర్చీలో ఉన్న పెద్దాయనకూ నాకూ మధ్య పోటీ పెట్టింది ఆయనా కాదు, నేనూ కాదు, ఆ బస్సును ఎంచుకున్నవారు.

ఇక తిరిగి తేవడం గురించి. 2022లో మా వైపు ఎలిజబెత్ లైన్ రైలు వచ్చింది కదా, ఇంకా బస్సు ఎందుకని కొందరంటారు. ఆ రైలు వేగమైనదే, నేనూ ఎక్కుతాను. కానీ దాని స్టేషన్ల మధ్య దూరాన్ని నడవలేనివారికే స్టాపు స్టాపుకూ ఆగే బస్సు కావాలి. నగరం ఎలాగూ డీజిల్ బండ్లను వదిలి విద్యుత్ బస్సులు కొంటోంది, విద్యుత్తుతో నడిచే పొడవాటి బెండీ బస్సులు ఐరోపా నగరాల్లో ఇప్పటికే తిరుగుతున్నాయి. డిపోలో అవి ఎక్కువ స్థలం తీసుకుంటాయి, స్టాపులను కొంత పొడిగించాలి, ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టి 25వ నంబరుకు మూడు తలుపుల బస్సు ఇస్తామని ఏ అభ్యర్థి చెప్పినా, పార్టీ చూడకుండా నా ఓటు వేస్తాను.